విరేచనాలకు ముందుగా ఓఆర్‌ఎస్ పొట్లం, తరువాతే సెలైన్ సీసా

నేను ప్రభుత్వ వైద్యునిగా పనిచేసిన కాలంలో లెక్కలేనన్ని సార్లు విన్న మాట ఒకటున్నది: "అయ్యా, ఆ ఉప్పునీళ్ళ పొట్లం వద్దు, ఒక సెలైన్ ఎక్కించండి." ఉద్యోగంలో చేరిన తొలి రోజులలో ఒక తల్లి రెండేళ్ళ బిడ్డను ఎత్తుకొని మా ఆరోగ్య కేంద్రానికి వచ్చింది. ముందురోజు నుంచి నీళ్ళ విరేచనాలు. నీళ్ళు త్రాగిస్తే విరేచనాలు పెరుగుతాయని ఇంటి పెద్దలు ఆ బిడ్డకు చుక్క నీరైనా ఇవ్వనివ్వలేదు. మేము నరం వెదికి సూది గ్రుచ్చేలోపే బిడ్డ ప్రాణం పోయింది. ఆ అపోహ నేటికీ పూర్తిగా తొలగలేదు. అందుకే ఈ వ్యాసం.

కలరాను ఉదాహరణగా తీసుకుందాం. కలరా సూక్ష్మజీవి చిన్నప్రేగు గోడను తొలుచుకొని లోపలికి పోదు, కణాలను చంపదు. పైపొరను అంటిపెట్టుకొని ఒక విషాన్ని విడుదల చేస్తుంది. ఆ విషంలో రెండు భాగాలుంటాయి. ఒక భాగం కణం ఉపరితలానికి అతుక్కుంటుంది, రెండవ భాగం కణం లోపలికి చేరుతుంది. మన కణాలలో బయటి సంకేతాలను లోపలికి అందించే జి-ప్రోటీనులు ఉన్నాయి. పని కాగానే అవి తమంతట తామే ఆగిపోవాలి. కలరా విషం వాటిలో ఒకదానిని మార్చివేసి, ఆగే శక్తి లేకుండా చేస్తుంది. దానితో కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే పదార్థం విపరీతంగా పెరిగి, క్లోరైడు ద్వారాలు తెరచుకొనే ఉంటాయి. క్లోరైడు వెంట సోడియం, వాటి వెంట నీరు ప్రేగులోనికి ప్రవహిస్తాయి. తీవ్రమైన కలరాలో పెద్దవారు గంటకు లీటరు వరకు నీటిని కోల్పోవచ్చు. కొన్ని ఇ.కోలై జాతులు కూడా ఇటువంటి విషాన్నే ఉత్పత్తి చేస్తాయి.

ఈ విషం ఉనికిని 1959లో కలకత్తాలో నిరూపించినవారు మన దేశీయుడైన శంభునాథ్ డే. సూక్ష్మజీవులను వడకట్టి తీసివేసిన ద్రవాన్ని కుందేలు ప్రేగులో ప్రవేశపెట్టినా ప్రేగు నీటితో ఉబ్బిపోవడం ఆయన చూపించారు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటున్నది. విషం ఒక మార్గాన్ని పాడుచేసినా, గ్లూకోజును, సోడియంను జతగా లోనికి తీసుకొనే మరొక మార్గం చెక్కుచెదరదు. తగిన పాళ్ళలో ఉప్పు, గ్లూకోజు కలిపిన నీరు ఆ మార్గాన శరీరానికి అందుతుంది. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన శరణార్థులకు బన్‌గావ్‌లో కలరా సోకి, సెలైన్ సీసాలు చాలనప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణాన్నే త్రాగించారు. సుమారు 30 శాతంగా ఉన్న మరణాలు 4 శాతం లోపునకు తగ్గాయి.

మరి ప్రజలకు దీనిపై నమ్మకం ఎందుకు కుదరదు? ఓఆర్‌ఎస్ విరేచనాలను వెంటనే ఆపదు. విషం మార్చిన ప్రోటీను అలాగే ఉంటుంది, కొద్ది రోజులలో పాత కణాలు రాలి క్రొత్తవి పుట్టేవరకు కొంత ప్రవాహం తప్పదు. విరేచనాలు ఆగలేదు కనుక మందు పనిచేయలేదని మనం భావిస్తాం. ప్రాణం తీసేది విరేచనం కాదు, పోయిన నీరు, లవణాలు తిరిగి చేరకపోవడం. పొట్లం పని ఆ లోటు తీర్చడం. ఈ మాట రోగి బంధువులకు ఓపికగా చెప్పని మా వైద్యులది కూడా ఇందులో తప్పున్నదని నా అభిప్రాయం. సీసా వ్రేలాడదీస్తే బంధువులకు తృప్తి, మాకు మాట్లాడే శ్రమ తప్పుతుంది.

పొట్లంపై వ్రాసినంత నీటిలోనే పొడి మొత్తం కలపండి. పొట్లం దొరకనప్పుడు లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి కలపండి. వాంతి అయితే పది నిమిషాలాగి, చెంచాతో కొద్దికొద్దిగా ఇవ్వండి. చనుబాలు, తిండి మానిపించకండి. పిల్లలకు వైద్యుల సలహాతో జింకు ఇవ్వండి. శీతల పానీయాలు ఓఆర్‌ఎస్‌కు బదులు కావు. అధికమైన చక్కెర విరేచనాలను పెంచుతుంది. 2025 అక్టోబరులో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడరాదని ఆదేశించడం ఎంతో అవసరమైన పని.

సెలైన్ అనవసరమని నేననడం లేదు. బిడ్డ మగతగా ఉన్నా, త్రాగలేకపోయినా, కళ్ళు లోతుకు పోయినా, మూత్రం రాకపోయినా క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకొనిపొండి. దారిలో కూడా, త్రాగగలిగితే, చెంచాతో త్రాగిస్తూనే ఉండండి. ఆనాడు ఆ తల్లికి ఈ నాలుగు మాటలు ముందే చెప్పినవారుంటే ఆ బిడ్డ బ్రతికి ఉండేదేమో. మీ ఇంట రెండు పొట్లాలు ఎప్పుడూ ఉంచుకోండి.