వెన్నుపూస పక్కకు జరిగిందా?

ప్రశ్న: నా వయసు 58. ఎనిమిదేళ్ళుగా బి.పి.కి మాత్రలు వాడుతున్నాను. ఈమధ్య అమెరికాలో మా అబ్బాయి దగ్గరున్నప్పుడు నడుము పట్టేసింది. అక్కడ ఒక కైరోప్రాక్టర్ ఎక్స్‌రే తీసి, వెన్నుపూసలు మూడు పక్కకు జరిగాయనీ, నా బి.పి.కి కూడా అదే కారణమనీ, వాటిని సరిచేయించుకొంటే మాత్రలతో పనుండదనీ చెప్పారు. మాత్రలు మానవచ్చునా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: మానవద్దు. మాత్రలు మానితే పైకి ఏ బాధా తెలియకుండానే రక్తపోటు పెరిగి, పక్షవాతానికో గుండెపోటుకో దారితీయవచ్చు.

ఇక పూసల సంగతి. కైరోప్రాక్టిక్ అనే ఈ చేతివైద్యాన్ని 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో డి.డి. పామర్ అనే ఆయన ప్రారంభించాడు. హార్వీ లిల్లార్డ్ అనే చెవిటి మనిషి వెన్నుపూసను నొక్కి సరిచేస్తే అతనికి వినికిడి వచ్చిందని చెప్పుకొన్నాడు. నూటికి 95 రోగాలకు పూసలు తప్పుకోవడమే మూలమని 1910లో తన గ్రంథంలో వ్రాశాడు. తప్పుకొన్న పూస నరాన్ని నొక్కుతుందనీ, అందువల్ల అవయవాలు రోగగ్రస్తమవుతాయనీ ఆయన వాదన. దీన్నే 'సబ్‌లక్సేషన్' అంటారు. కాని వినికిడి నరం చెవినుంచి నేరుగా మెదడుకు పోతుంది, వెన్నులోంచి పోనే పోదు!

మన వెన్నుపూసలు దండలోని పూసల్లా వదులుగా ఉండవు. డిస్కులు, కీళ్ళు, కండరాలు వాటిని బిగించి పట్టి ఉంచుతాయి. పెద్ద ప్రమాదంలోనో, కీళ్ళవాతం ముదిరినప్పుడో, వయసు మీదపడి కీళ్ళు అరిగినప్పుడో పూస నిజంగానే జరగవచ్చు. అది ఎక్స్‌రేలో తెలుస్తుంది. కైరోప్రాక్టిక్ సిద్ధాంతంలోని సబ్‌లక్సేషన్ వేరు. అది రోగాలకు కారణమనడానికి పరిశోధనల ఆధారం లేదని, బ్రిటన్‌లో ఆ వృత్తిని నియంత్రించే జనరల్ కైరోప్రాక్టిక్ కౌన్సిలే 2010లో ప్రకటించింది.

"మరి నొక్కించుకొంటే హాయిగా ఉంటుందే?" అంటారేమో. నిజమే. నడుము నొప్పికి చేతితో చేసే చికిత్స కొందరికి కొంత ఉపశమనం ఇస్తుంది. వ్యాయామం మొదలైన చికిత్సలకంటే అది పెద్దగా మెరుగైనదేమీ కాదు. 'టక్'మన్న చప్పుడు పూస చోటికి చేరినందుకు వచ్చేది కాదు. మెటికలు విరిచినప్పటిలాగే, కీలులోని ద్రవంలో వాయుబుడగ ఏర్పడడంవల్ల వస్తుంది.

మెడ విషయంలో మాత్రం జాగ్రత్త. మెడను ఒక్కసారిగా తిప్పినప్పుడు రక్తనాళం చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలు, అరుదుగానైనా, ఉన్నాయి. సెలూన్‌లో తలమర్దన చేసి మెడ విరుస్తామన్నా వద్దనండి.

నడుము పట్టేసినప్పుడు మంచం పట్టి ఉండనక్కరలేదు. వేడి కాపడం పెట్టుకొని, ఓర్చుకోగలిగినంత మేరకు నడుస్తూ, మామూలు పనులు చేసుకోండి. చాలామందికి కొద్ది వారాల్లోనే తగ్గుతుంది. కాని కాలు బలహీనపడినా, మలమూత్రాలపై అదుపు తప్పినా, తొడల మధ్య భాగం మొద్దుబారినా ఒక్కరోజు కూడా ఆగక ఆసుపత్రికి వెళ్ళండి. నొప్పితోపాటు జ్వరం వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా వెంటనే డాక్టరుకు చూపించుకోండి.