సాక్షి ఎవరు? భోక్త ఎవరు? – మన చేతిలోని చరవాణి

ప్రతిదినము ప్రాతఃకాలమున ఆచమనము చేసి సంకల్పము చెప్పుకొనునప్పుడు మనము చేయుచున్నదేమి? జంబూద్వీపము మొదలుకొని మనము కూర్చున్న తావు వరకు దేశమును, కల్పము మొదలుకొని నేటి తిథి వార నక్షత్రముల వరకు కాలమును స్మరించి, ఆపై గోత్రమును, నామమును, మనస్సులోని కోరికను విన్నవించుకొనుచున్నాము. నేనెవడను, ఎక్కడ నున్నాను, ఇది ఏ సమయము, నేను కోరునదేమి – ఈ నాలుగింటిని ఈశ్వర సన్నిధిలో నివేదించుటయే సంకల్పము.

ఇటీవల మా సత్సంగములోని ఒక మిత్రులు తమ చరవాణిలో క్రొత్తగా ఒక పంచాంగపు యాప్‌ను వేసికొనుచుండగా ప్రక్కన కూర్చుండి చూచితిని. అది వారిని అడిగినవి కూడ ఈ నాలుగు విషయములే. పేరు, గోత్రము, ఉన్న స్థలము, పుట్టిన తేదీ, సమయము, ఏ కోరికతో ఏ పూజ చేయింపదలచినారన్న ప్రశ్న. అంతటితో ఆగక, కాంటాక్టుల పట్టికను, ఛాయాచిత్రములను, మైకును కూడ అడిగినది. వారు ఒక్కొక్క ప్రశ్నకును 'అనుమతించు' అను మాటపై వ్రేలు నొక్కుచు పోయిరి. ఇదేమని అడుగగా నవ్వి, "మనకు దాచుకోవలసింది ఏముందండీ? అన్నీ ఆ పరమాత్మ చూస్తూనే ఉన్నాడు కదా!" అనిరి.

ఈ వాక్యమును గూర్చియే ఈ వ్యాసము. ఇది భక్తివలె ధ్వనించును. సత్సంగములలో పలువురి నోట వినబడును. కాని ఇందులో సాధకునికి హాని చేయగల ఒక భ్రాంతి దాగియున్నది.

ముందుగా ఒక మాట స్పష్టము చేయవలెను. యంత్రమును నిందించుట నా అభిమతము కాదు. ఒకప్పుడు తాళపత్ర గ్రంథాలయములకు వెళ్లిననే గాని దొరకని భాష్యములు నేడు పల్లెటూరి విద్యార్థి అరచేతిలో లభించుచున్నవి. చూపు మందగించిన వృద్ధులు అక్షరములను పెద్దవి చేసికొని పారాయణ చేయుచున్నారు; చూపు లేనివారికి చరవాణియే చదివి వినిపించుచున్నది. విదేశములోని కుమారుడు తండ్రి ఆబ్దికమును తెరపై చూచుచు, పురోహితుని మాట ననుసరించి తిలోదకములు విడుచుచున్నాడు. 2016లో వచ్చిన యూపీఐ వలన గుడిముందు పూలమ్ము తల్లి కూడ చిల్లరకై వెదకుకొనవలసిన పని లేకపోయినది. ఇవి అల్పములైన ఉపకారములు కావు. వీనిని కాదనుట కృతఘ్నత యగును.

ఇక ఆ మిత్రుల మాటను విచారింతము. ముండకోపనిషత్తులోను, శ్వేతాశ్వతరోపనిషత్తులోను ఒకే వృక్షము నాశ్రయించిన రెండు పక్షుల ఉపమానము కలదు. ఒక పక్షి ఫలమును రుచి చూచుచు తినుచున్నది. రెండవది తినక కేవలము చూచుచున్నది. తినునది జీవుడు, చూచునది ఈశ్వరుడు అని పెద్దలు వివరింతురు. ఇందు గమనింపవలసినది, ఈశ్వరుని చూపులో ఆకలి లేదు అన్నది. మన రహస్యములు తెలియుట వలన ఆయనకు కలుగు లాభము లేదు. తెలియకపోవుట వలన నష్టము లేదు. అందుచేతనే ఆయన సాక్షి.

చరవాణిలోని యాప్ చూపునకు ఆకలి కలదు. ఉచితముగా లభించు యాప్‌లలో అనేకములకు ప్రకటనలే జీవనాధారము. ప్రకటనల కొరకు స్మార్ట్‌ఫోనులలో సాధారణముగా ఒక గుర్తింపు సంఖ్య ఉండును. ఒక యాప్‌కు తెలిసిన మన నివాసము, మరియొకదానికి తెలిసిన మన వయస్సు, వేరొకదానికి తెలిసిన మన వ్యాధి, ఇవన్నియు ఆ సంఖ్య క్రింద ఒకచోట చేర్చుటకు వీలుండును. అట్లు చేర్చిన వివరములను కొని అమ్మునదే ఒక పెద్ద వ్యాపారము. కావున ఈ నేత్రము మొదటి పక్షికి చెందినదే కాని రెండవ పక్షికి చెందినది కాదు. భోక్తను సాక్షిగా భ్రమించుటయే మన మిత్రుల వాక్యములోని దోషము. రజ్జువునందు సర్పమును చూచిన వానికి కలుగునది వృథాభయము మాత్రమే. సర్పమును రజ్జువనుకొని చేతబట్టిన వాని గతి ఏమి?

సాధకుని దృష్టిలో ఇంతకంటె సూక్ష్మమైన హాని మరియొకటి కలదు. మనము చూచినది, విన్నది మనస్సులో సంస్కారముగా నిలిచి వాసనయై మరల మనలను ఆ విషయము వైపే లాగునని శాస్త్రము చెప్పుచున్నది. నేడు ఆ సంస్కారము మన చిత్తములోనే కాక దూరదేశములోని యంత్రములందును నిలుచుచున్నది. అర్ధరాత్రి క్షణకాలము దేనిపై మన చూపు ఆగినదో మనము మరచినను అది మరువదు. మరునాడు అట్టిదానినే పదింటిని మన ముందుంచును. వాసనాక్షయము సాధకుని యత్నము. వాసనాపోషణము ఆ వ్యాపారమునకు జీవనము. మన బలహీనతలు తెలిసినవాడు మనకు హితుడు కానప్పుడు, ఆ తెలివి మనకు బంధమే యగును.

ఇది కేవలము తర్కము కాదు. మా పారాయణ బృందములో డెబ్బది యేండ్లు దాటిన ఒక మాతృమూర్తి కలరు. ఉపాధ్యాయినిగా పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్నవారు. కొంతకాలము క్రిందట ఒక ఉదయమున వారికి వీడియో కాల్ వచ్చినది. అవతల పోలీసు దుస్తులలో నున్న ఒకడు, వారి పేరిట పంపిన పార్శిలులో మాదకద్రవ్యములు దొరికినవనియు, వారు 'డిజిటల్ అరెస్టు'లో ఉన్నారనియు, కెమెరా ఆపరాదనియు, ఎవ్వరితోను మాటాడరాదనియు శాసించెను. వారి పూర్తి పేరు, విదేశమునందున్న కుమారుని పేరు, వారు క్రితము నెలలో చేసిన తీర్థయాత్ర కూడ వానికి తెలియును. అవి యెట్లు తెలిసినవో నేటికిని నిర్ధారణ కాలేదు. కాని ఆ వివరములు చెప్పుట చేతనే వారు వానిని నమ్మిరి. రెండు దినములు ఆ కెమెరా యెదుటనే గడపి, తుదకు ఫిక్స్‌డ్ డిపాజిట్లు రద్దు చేయించి వాడు చెప్పిన ఖాతాకు పంపిరి. అందులో స్వల్పభాగము మాత్రమే తిరిగి దొరికినది.

కొన్ని వారముల తరువాత వారు నాతో అనిన మాటలు ఇవి: "డబ్బు పోయిందని కాదు నాయనా. ఆ రెండు రోజులూ వాడు చూస్తుండగానే దీపం పెట్టాను. ఇప్పటికీ దీపం వెలిగించబోతే వెనక ఎవరో చూస్తున్నట్లే ఉంటుంది."

ఆ మాట విన్న నాటినుండి నాకు సాక్షికిని భోక్తకును గల భేదము నిశ్చయమైనది. అర్ధ శతాబ్దమునకు పైగా ఈశ్వరుడు చూచుచున్నాడను భావనతో వారు దీపము వెలిగించిరి. ఆ చూపు వారికి ధైర్యము నిచ్చినది. రెండు దినముల చూపు ఆ ధైర్యమును హరించినది. సాక్షి సన్నిధి అభయము నిచ్చును. ఏ చూపు భయమును పుట్టించునో అది సాక్షి చూపు కాజాలదు.

ప్రసంగవశమున చెప్పవలసిన సత్యము: మన దేశ న్యాయశాస్త్రములో 'డిజిటల్ అరెస్టు' అనునదే లేదు. ఏ పోలీసు అధికారియు వీడియో కాల్‌లో నిర్బంధింపడు, ధనము పంపుమనడు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి తమ ఆకాశవాణి ప్రసంగములో దీనిని గూర్చి హెచ్చరించుచు, మొదట ఆగుడు, పిదప ఆలోచింపుడు, ఆపై చర్య తీసికొనుడు అని బోధించిరి. ఆగుట శమము, ఆలోచించుట వివేకము. మన శాస్త్రమునకు ఇవి క్రొత్తవి కావు. మోసము జరిగినదని తెలిసిన తక్షణమే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. ఆలస్యమైన కొలది ధనము చేతులు మారిపోవును. సిగ్గుచేత మౌనము వహించుట మోసగానికే బలము.

ఇంకొక విషయము. "నాకు దాచవలసినది లేదు" అని ఎవరైన అనవచ్చును. కాని చరవాణిలోని కాంటాక్టుల పట్టిక నీది కాదు. అది మూడువందల మంది నిన్ను నమ్మి నీ యొద్ద ఉంచిన నిక్షేపము. మనుస్మృతి చెప్పిన అష్టాదశ వ్యవహారపదములలో ఋణాదానము తరువాత రెండవ స్థానము నిక్షేపమునకే యీయబడినది. పరుల సొత్తును కాపాడుట అంతటి ధర్మముగా పెద్దలు ఎంచిరి. నేను నిస్సంగుడనైనచో నా వివరములు ఎవరికైన ఇచ్చుకొందును గాక. నా మేనకోడలి సంఖ్యను, నా వైద్యుని సంఖ్యను, నాతో దుఃఖము చెప్పుకొన్న మిత్రుని సంఖ్యను ఇచ్చుటకు నాకు అధికారమెక్కడిది? ఇందు వైరాగ్యమునకు చోటు లేదు, ఉన్నది విశ్వాసభంగమే.

ఏకాంతమును గూర్చి కూడ ఇట్లే ఆలోచింపవలెను. గీత ఆరవ అధ్యాయమున యోగికి ఏకాంత స్థానమును, అపరిగ్రహమును ఒకేచోట విధించినది. మంత్రమును గురువు శిష్యుని చెవిలో ఉపదేశించును. జపసంఖ్యను కూడ వస్త్రము చాటున లెక్కించు సంప్రదాయము కలదు. అట్టి మనము నేడు సుప్రభాతము వినుటకై పూజామందిరములోనే మాట వినెడు స్పీకరును ఉంచుచున్నాము. అది తన పేరు పిలువబడు వరకు చెవియొగ్గి యుండి, పిలుపు వినబడగానే ఆపై మాటను దూరపు యంత్రములకు పంపును. పేరును పోలిన మాట వినబడినను కొన్నిసార్లు మేల్కొనును. అలెక్సా ద్వారా చేరిన బాలల స్వరములను తొలగింపక నిలుపుకొన్నదని అమెరికా ప్రభుత్వము ఆరోపింపగా, ఆరోపణలను ఒప్పుకొనకయే అమెజాన్ సంస్థ 2023లో 2.5 కోట్ల డాలర్లు చెల్లించుటకు అంగీకరించినది. సంగీతము వినుటకు ఆ పరికరము మంచిదే. కాని దాని స్థానము వసారా, గర్భాలయము కాదు.

రాజ్యము కూడ ఈ విషయమున మేల్కొన్నది. విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామిగారు వేసిన వ్యాజ్యములో 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము గోప్యత ప్రాథమిక హక్కేయని ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టమును వచ్చినది. కాని వ్రేలితో 'అనుమతించు' అని మనమే నొక్కిన తరువాత ఏ చట్టము ఎంతవరకు కాపాడగలదు? కావలి వాని నుంచుకొని ద్వారమును తెరచి నిద్రించినట్లగును.

మరి చేయవలసినదేమి? ఇందుకు క్రొత్త శాస్త్రము అక్కరలేదు. ఏ వేదాంత గ్రంథమునైన ఆరంభించునప్పుడు మనము విచారించు అనుబంధ చతుష్టయమే చాలును. విషయమేమి? ప్రయోజనమేమి? సంబంధమేమి? అధికారి ఎవరు? ప్రతి యాప్‌ను ఈ నాలుగు ప్రశ్నలును అడుగుడు.

పంచాంగపు యాప్‌నే ఉదాహరణగా తీసికొందము. దాని విషయము తిథి వార నక్షత్రాదులు. సూర్యోదయము స్థలమును బట్టి మారును కావున నీవున్న తావు దానికి అవసరమే, సంబంధము సిద్ధించినది. కాని ఎంతవరకు? ఒక రేఖాంశమునకు నాలుగు నిమిషముల భేదము. అనగా రెండు మూడు కిలోమీటర్ల తేడాకు సూర్యోదయము కొద్ది సెకన్లు మాత్రమే మారును. కావున నీ వీధి, నీ యిల్లు దానికి అక్కరలేదు. కొన్ని యేండ్లుగా చరవాణులలో స్థలమును ఉజ్జాయింపుగా మాత్రమే తెలుపు ఎంపిక కలదు. అది చాలును, లేదా ఊరి పేరు మనమే వ్రాసిన చాలును. ఇక కాంటాక్టులకును తిథికిని సంబంధమేమి? లేదు. మైకునకును నక్షత్రమునకును? లేదు. సంబంధము లేనిచోట అధికారమును లేదు. నిరాకరింపవచ్చును. నిరాకరించినంత మాత్రమున తిథి చూపననెడు యాప్ అసలు పంచాంగము కొరకు వచ్చినది కాదని గ్రహింపుడు.

ఇట్లే చరవాణిలోని సెట్టింగులలో అనుమతుల పట్టికను తెరచి, మాసమునకొకసారి, ఏకాదశినాడైనను సరే, పరిశీలింపుడు. ఉపవాసము దేహమునకు మాత్రమేనా? ఓటీపీని ఎవ్వరికిని చెప్పకుడు. ఆధార్ ప్రతి ఈయవలసి వచ్చినప్పుడు, అంగీకరించు చోట, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనబడు మాస్క్‌డ్ ఆధార్‌ను ఇండు. ఆలయ సేవలకును, వసతి గదులకును ఆయా దేవస్థానముల స్వంత జాలస్థలమునే ఆశ్రయింపుడు. దేవుని పేరుతో నకిలీవి వెలయుచున్నవి. ఇంటిలోని వృద్ధులకు ఇవన్నియు ఓపికతో చెప్పుట నేటి పితృసేవలో భాగము.

మా మాతృమూర్తి ఇప్పుడు సాయంసంధ్యకు ముందు చరవాణిని వంటగదిలోని డబ్బాపై బోర్లించి, తలుపు చేరవేసి, పిదప దీపము వెలిగించుచున్నారు. ఆ తలుపు చేరవేయుట ఈశ్వరుని నుండి దాగుటకు కాదు. ఆయన ఒక్కడే చూచుటకు. మన సంకల్పమును వినవలసినది ఆయన యొక్కడే.

స్వస్తి.