అనుమానం – ఆధారం

నేటి యువతీయువకులు అంతర్జాలంలో ఆడే అపరాధ పరిశోధన క్రీడలను కొందరు కాలహరణమని నిరసిస్తారు. ఆ నిందలో సగమే సత్యం. అవి ప్రశ్నించడం నేర్పుతాయి. తీర్పు చెప్పడం మాత్రం తప్పుగా నేర్పుతాయి.

1986లో మాస్కోలో దిమిత్రి దవిదోవ్ అనే విద్యార్థి రూపొందించిన 'మాఫియా' ఆట వీటికి మాతృక. 2018లో విడుదలై, 2020 నాటి కరోనా కాలంలో లోకమంతటా వ్యాపించిన 'అమాంగ్ అస్' ఆ కోవకు చెందినదే. అందులో అందరూ ఒకే అంతరిక్ష నౌకలో పనిచేస్తుంటారు. వారిలో ద్రోహులెవరో తక్కినవారికి తెలియదు. ఒకరు హతులైనట్లు తెలియగానే సభ తీరుతుంది. "నీవెక్కడున్నావు? నిన్ను చూచినవారెవరు?" అని ప్రశ్నలు బయలుదేరుతాయి. చివరకు ఎక్కువ ఓట్లు పడినవారిని నౌక నుండి వెలివేస్తారు. తడబడినవాడు, మౌనం వహించినవాడు తరచుగా బలి అవుతాడు.

నేరసమయంలో తాను వేరొకచోట ఉన్నానన్న వాదాన్ని న్యాయస్థానాలలో 'అలీబీ' అంటారు. లాటిన్ భాషలో ఆ మాటకు 'మరొకచోట' అని అర్థం. కలకత్తాలో నేరం చేశాడంటున్న వ్యక్తి ఆనాడు లాహోరులో ఉన్నాడన్న విషయం విచారణకు సంబంధించినదేనని 1872 నాటి భారత సాక్ష్య చట్టం ఉదాహరించింది. 2024 జూలై 1న దాని స్థానంలో అమలులోకి వచ్చిన కొత్త చట్టం కూడా ఈ సూత్రాన్ని నిలుపుకొన్నది.

విజయనగరం జిల్లా భోగాపురంలోని ఒక వసతిగృహంలో సాయంత్రం ఐదు గంటలకు ఒక సెల్‌ఫోను పోయిందనుకుందాం. అనుమానానికి గురైన విద్యార్థి, ఆ వేళకు తాను విశాఖపట్నంలో ఉన్నానని బస్సు టిక్కెట్టు చూపాడు. ఆ దూరం నలభై కిలోమీటర్లకు పైమాటే. కనుక అతని వాదం విలువైనదే. అయితే టిక్కెట్టు కొన్నారని మాత్రమే ఆ కాగితం చెబుతుంది, ప్రయాణించినదెవరో చెప్పదు. విశాఖలో అతనిని చూచినవారున్నారా? ఉంటే వారు అతనికేమవుతారు? ఇట్లా శోధించడం వివేకం.

ఒకవేళ అతని మాట అబద్ధమని తేలినా, అతడే దొంగ అని రుజువైనట్లు కాదు. భయం వల్లనో, మరేదో రహస్యం దాచుకోవడానికో మనిషి బొంకవచ్చు. అలీబీని నిరూపించుకోవలసినవాడు నిందితుడే; కాని అది వీగిపోయినా, నేరాన్ని నిరూపించే భారం ఆరోపించినవారిదే.

విజయనగరానికి చెందిన గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' నాటకంలో ఈ సత్యాన్నే నవ్వుతూ చూపారు. లుబ్ధావధాన్లు పెండ్లాడిన పిల్ల కనబడకపోయేసరికి, అతడే చంపాడని అభియోగం వచ్చింది. నిజానికి ఆ పిల్ల ఆడవేషం వేసిన బాలుడు. వేషం తీసి వెళ్లిపోయాడు. చచ్చినవారే లేని హత్య అది!

నాటకంలో చిక్కు వీడింది. జీవితంలో అంత సులభంగా వీడదు. 2007లో విజయవాడ సమీపాన జరిగిన ఒక విద్యార్థిని హత్య కేసులో 2010లో శిక్ష పడిన యువకుణ్ణి 2017లో హైకోర్టు నిర్దోషిగా విడుదల చేసింది. అప్పటికే ఎనిమిదేండ్లకు పైగా అతని యౌవనం చెరసాలలో గడిచిపోయింది.

ఆటలో పొరపాటున వెలివేసినవాడు మరుసటి ఆటలో మళ్లీ మనతోనే కూర్చుంటాడు. తరగతి గదిలో దొంగ అని ముద్రపడిన మిత్రునికి మరుసటి ఆట లేదు. కనుక ఆట నేర్పిన ప్రశ్నలను వెంట తెచ్చుకొని, దాని ఓటును మాత్రం అక్కడే విడిచిరావాలి. పదిమంది అనుమానం కలిసినా ఒక్క ఆధారానికి సాటి రాదు.