స్టేషన్ లోపలి ఫుటేజీ సంగతేమిటి?

గౌరవనీయులైన తెలంగాణ డీజీపీ గారికి,



2023 జనవరి చివర్లో మెదక్ పోలీసులు ఒక దినకూలీని హైదరాబాద్ నుంచి పట్టుకెళ్లారు. గొలుసు దొంగతనం కేసు. సీసీటీవీలో కనిపించిన మనిషి పోలికలు అతనిలో ఉన్నాయన్న అనుమానమే కారణం. కొన్ని రోజులు స్టేషన్‌లో ఉంచి వదిలేశారు. తనను ఎలా కొట్టారో ఆసుపత్రి మంచం మీద నుంచి అతను వీడియోలో చెప్పుకున్నాడు. ఫిబ్రవరిలో గాంధీ ఆసుపత్రిలో చనిపోయాడు. హైకోర్టు ఈ కేసును సుమోటోగా తీసుకుంది.

వీధి కెమెరా దృశ్యాలు చూసి అతణ్ని పట్టుకెళ్లారు. నాలుగు గోడల మధ్య జరిగింది లోకానికి చెప్పుకోవడానికి అతనికి ఆ వీడియో ఒక్కటే దిక్కయింది. ఈ లేఖ రాయడానికి కారణం ఇదే.

వీధుల్లో కెమెరాలు పెట్టుకోవాలని 'నేను సైతం' పేరుతో మీ శాఖ పిలిస్తే కాలనీ సంఘాలు, కొట్లవాళ్లు సొంత డబ్బుతో కెమెరాలు పెట్టించారు. ఆ దృశ్యాలన్నీ ఒకచోట చూడటానికి బంజారాహిల్స్‌లో కమాండ్ కంట్రోల్ సెంటర్ కూడా వచ్చింది. మా నడక, మా బండి, మా ముఖం అన్నీ మీకు కనిపిస్తాయి. స్టేషన్ లోపలికి వెళ్లిన మా మనిషి మాత్రం మాకు కనిపించడు.

2020 డిసెంబర్ 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ప్రతి స్టేషన్‌లో ప్రధాన ద్వారం, లాకప్, వరండా, ఇన్‌స్పెక్టర్ గది అన్నీ కెమెరా పరిధిలో ఉండాలి. మాటలూ రికార్డవ్వాలి. రికార్డింగును 18 నెలలు దాచాలి, సాంకేతికంగా కుదరకపోతే కనీసం ఏడాది. కెమెరా పనిచేసేలా చూసే బాధ్యత స్టేషన్ అధికారి (ఎస్‌హెచ్‌ఓ)దే. ఇంకొక్కటి, నాకు అన్నిటికన్నా విలువైనదనిపించింది: స్టేషన్ గుమ్మం దగ్గర తెలుగులో పెద్ద బోర్డు ఉండాలి. హక్కులకు భంగం కలిగితే మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చని, ఫుటేజీని భద్రపరచమని అడిగే హక్కు బాధితుడికి ఉందని అందులో రాయాలి. చదువురాని తల్లికి ఎవరైనా ఆ బోర్డు చదివి వినిపిస్తే చాలు, ఆమె ఎస్ఐ ముందు నిలబడి అడగగలుగుతుంది.

కెమెరా గోడకు బిగిస్తే పని అయిపోదు. తమిళనాడులోని సాత్తాన్‌కుళంలో 2020 జూన్‌లో తండ్రీకొడుకులు పోలీసు దెబ్బలకు చనిపోయారు. మేజిస్ట్రేట్ స్టేషన్‌కు వెళ్లి చూస్తే హార్డ్ డిస్క్‌లో చోటు బోలెడంత ఉంది, కానీ ఏ రోజు రికార్డింగు ఆ రోజే చెరిగిపోయేలా సెట్టింగు పెట్టి ఉంది. అక్కడ నోరు విప్పి సాక్ష్యం చెప్పింది ఒక మహిళా హెడ్ కానిస్టేబుల్. అలాంటి కానిస్టేబుళ్లు మీ శాఖలోనూ ఉన్నారు. వాళ్లను ఒంటరిగా వదిలేయకండి.

మన రాష్ట్రంలోనూ 2021 జూన్‌లో అడ్డగూడూరు స్టేషన్‌లో దొంగతనం ఆరోపణ మీద తెచ్చిన ఒక దళిత మహిళ చనిపోయింది. ఎస్ఐని, ఇద్దరు కానిస్టేబుళ్లను ఉద్యోగాల నుంచి తీసేశారు. మంచిదే. అయితే ప్రాణం పోయాక తీసుకునే చర్య దెబ్బ పడకుండా ఆపదు.

కొట్టకపోతే దొంగలు నిజం చెప్పరని ఇప్పటికీ కొందరు అధికారులు అంటుంటారు. పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం కోర్టులో చెల్లదని వాళ్లకు మాకన్నా బాగా తెలుసు. నిజాయితీగా పనిచేసే ఎస్ఐకి కెమెరా భయం ఎందుకు? తప్పుడు ఆరోపణ వస్తే అతణ్ని కాపాడేదీ అదే ఫుటేజీ.

మీ నుంచి కోరేది ఇంతే. ఏ స్టేషన్‌లో ఎన్ని కెమెరాలున్నాయి, ఎన్ని పనిచేస్తున్నాయి, రికార్డింగు ఎన్నాళ్లు ఉంటోంది అన్నది ప్రతి నెలా జిల్లాల వారీగా ప్రకటించండి. ఫుటేజీని ఆ స్టేషన్ చేతుల్లోనే ఉంచకుండా వేరే చోట కూడా భద్రపరచండి. ఎవరైనా కస్టడీలో గాయపడిన రోజున కెమెరా పనిచేయలేదంటే ముందు ఎస్‌హెచ్‌ఓ సంజాయిషీ చెప్పేలా ఉత్తర్వు ఇవ్వండి. ఆ తెలుగు బోర్డు ఈ నెలలోనే ప్రతి స్టేషన్ గుమ్మం దగ్గర పెట్టించండి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, మీ సంతకం చాలు.

ఇట్లు,
ఒక పౌరుడు