లాబీయింగ్ నమోదుకు మన దేశంలో చట్టం కరవు

భారత మార్కెట్‌లో ప్రవేశం సహా పలు అంశాలపై వాల్‌మార్ట్ చేసిన లాబీయింగ్ వ్యయం 2012 డిసెంబరులో మన పార్లమెంటును కుదిపివేసింది. ఆ వివరాలు వెలుగుచూసింది అమెరికా సెనేట్‌కు ఆ సంస్థ సమర్పించిన నివేదికల వలననే కావడం గమనార్హం. అక్కడ 1995 చట్టం ప్రకారం లాబీయిస్టుల నమోదు తప్పనిసరి. 2007 సవరణతో మూడు నెలలకొకసారి వ్యయం వెల్లడించాలి. ఆ వ్యయం అక్కడ చట్టసమ్మతమే. ఇక్కడ ఏమి జరిగిందో తేల్చేందుకు కేంద్రం 2013లో జస్టిస్ ముకుల్ ముద్గల్ కమిటీని నియమించింది. పరిశీలించేందుకు మనకు అటువంటి రిజిస్టరే లేదు.

అవినీతి నిరోధక చట్టం 2018 సవరణ అనంతరం లంచం ఇచ్చినవారికీ ఏడేళ్ల వరకు జైలుశిక్ష విధిస్తుంది. సొమ్ము చేతులు మారని భేటీల మాటేమిటి? 2013లో కళికేశ్ నారాయణ్ సింగ్ దేవ్ ప్రతిపాదించిన ప్రైవేటు మెంబరు బిల్లు చట్టరూపం దాల్చలేదు. ఏ సంస్థ తరఫున, ఏ నిర్ణయం కోరి అధికారిని కలిశారో లాబీయిస్టు వెల్లడించవలసిన ప్రత్యేక చట్టం నేటికీ లేదు.