బందరుకూ ఒక రాత్రి కావాలి

ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్ జనాభా లక్షా నలభై వేలకు అటూ ఇటూ ఉంటుంది. 2011 జనాభా లెక్కల్లో మచిలీపట్నం, అంటే మన బందరు, 1,69,892, గుడివాడ 1,18,167. అంటే ఆ రాజధాని గుడివాడ కంటే కాస్త పెద్దది, బందరు కంటే చిన్నది. మన బందరులాగే అదీ చేపల వేట మీద బతికిన రేవు పట్నం. డిసెంబరులో అక్కడ పగటి వెలుగు నాలుగైదు గంటలకు మించదు. అయినా శుక్ర, శనివారాల్లో లోయ్‌గవేగుర్ వీధిలోని బార్లు తెల్లవారుజామున నాలుగున్నర దాకా తెరిచే ఉంటాయి. ఆడా మగా, ముసలీ ముతకా అందరూ వస్తారు, పాట వింటారు, కబుర్లు చెప్పుకుంటారు, నడుచుకుంటూ ఇళ్ళకు పోతారు. ఆ రాత్రిని చూడటానికే విదేశాల నుంచి విమానాలెక్కి వచ్చేవాళ్ళున్నారు. బందరులోనో గుడివాడలోనో రాత్రి పది దాటాక ఒక కుటుంబం బయటికి వచ్చి కూర్చుందామంటే సెకండ్ షో సినిమా తప్ప దారి లేదు. అవనిగడ్డ, నాగాయలంక వైపు వెళ్తే అదీ కష్టమే. డెల్టా పట్నాలకు వెలుతురున్న, నలుగురికీ కనబడే, ఆడవాళ్ళు నిశ్చింతగా కూర్చోగలిగే రాత్రి కావాలని నా వాదన. అలాంటి రాత్రి లేకపోవడం వల్లే మన దగ్గర మద్యం ఒక్కటే రాత్రి వినోదంగా మిగిలిపోయింది.

మన బార్లు ఎలా కట్టారో చూస్తే సంగతి తెలుస్తుంది. కిటికీలకు నల్లద్దాలు, లోపల పట్టపగలు కూడా చీకటి, చెక్కతో అడ్డుగోడలు కట్టిన క్యాబిన్లు, కొన్నింటికి తెరలు. కూర్చున్నవాడు పక్క టేబులువాడికి కనబడకూడదు, వీధిలో పోయే బంధువుకు అసలే కనబడకూడదు. టేబులు మీద క్వార్టరు, సోడా, స్టీలు ప్లేటులో శనగలు, ఉల్లిపాయ ముక్కలు. ఆ మాత్రం వసతికీ డబ్బుల్లేనివాడు వైన్‌షాపు ఇనుప జాలీలోంచి చెయ్యి దూర్చి సీసా అందుకుని, వాటర్ ప్యాకెట్టూ ప్లాస్టిక్ గ్లాసూ కొనుక్కుని కాలువగట్టుకు పోతాడు. 2019లో పర్మిట్ రూములు ఎత్తేసినప్పుడు తాగుడు తగ్గుతుందని చాలామంది ఆశపడ్డారు. తాగేవాళ్ళు కాలువగట్లకూ కరకట్ట కిందికీ మారారు, అంతే. 2024 అక్టోబరు 16 నుంచి రాష్ట్రంలో 3,396 ప్రైవేటు షాపులు వచ్చాయి, 99 రూపాయలకే క్వార్టరు వచ్చింది, పొద్దున పది నుంచి రాత్రి పది దాకా అమ్మకం. ప్రభుత్వాలు మారినప్పుడల్లా షాపు ఎవరిది, ధర ఎంత, బ్రాండు ఏది అన్న చర్చే నడిచింది. కొన్న మనిషి ఎక్కడ కూర్చుంటాడు, ఎవరితో కూర్చుంటాడు, ఇంటికెలా చేరతాడు అన్న మాట ఏ పాలసీలోనూ ప్రధానం కాలేదు. ఖజానాకు సీసాతోనే పని కదా.

యూరప్‌లో చదువుకో ఉద్యోగానికో వెళ్ళిన మన పిల్లలు అక్కడి బార్లలో ఒక్క బీరు గ్లాసు ముందు పెట్టుకుని రెండు గంటలు కూర్చోగలుగుతున్నారు. పక్కన భార్య ఉంటుంది, ఆఫీసు స్నేహితులుంటారు. అసలు మద్యమే ముట్టనివాళ్ళు కాఫీతో అదే బల్ల దగ్గర కూర్చుంటారు, వాళ్ళను ఎవరూ వింతగా చూడరు. అదే కుర్రాడు సంక్రాంతికి ఊరొస్తే పొలంగట్టు మీద అరగంటలో సీసా ఖాళీ చేసి, బైకెక్కి, ఇంట్లో వాసన తెలియకుండా వక్కపొడి నములుకుంటాడు. మనిషి మారలేదు, చోటు మారింది. దాక్కుని తాగేవాడికి తొందరెక్కువ. నలుగురి ముందు కూర్చున్నవాడికి తన మీద తనకే ఒక అదుపు ఉంటుంది.

ఈ దాపరికానికి మన సినిమా కూడా కొంత కారణం. 1953లో వచ్చిన దేవదాసు తెలుగువాడి మనసులో తాగుబోతు బొమ్మను గీసి పెట్టేసింది: ఒంటరివాడు, ప్రేమలో ఓడినవాడు, చావుకు దగ్గరైనవాడు. ఆ పాత్ర వేసిన అక్కినేని గుడివాడ దగ్గర రామాపురంలో పుట్టారు. ఆ పాత్రకు గొంతునిచ్చిన ఘంటసాలదీ గుడివాడ పక్కనున్న చౌటపల్లే. ఆ తర్వాత జ్యోతిలక్ష్మి, జయమాలినిల పాటలతో క్లబ్బంటే విలన్ స్థావరమనీ, అక్కడ కనబడే ఆడది ఇల్లాలు కాదనీ రెండు తరాలకు నూరిపోశారు. గొప్ప నటన, గొప్ప గానం, కాదనను. కానీ దుఃఖంతో తాగేవాడూ, దుర్మార్గంతో తాగేవాడూ తప్ప, స్నేహితులతో నవ్వుతూ సాయంత్రం గడిపి వేళకు ఇల్లు చేరే మామూలు మనిషి మన తెరకు ఎక్కలేదనే చెప్పాలి.

రాత్రంతా మేలుకుని ఆనందించడం మన సంస్కృతి కాదనేవాళ్ళు మొవ్వ మండలంలోని కూచిపూడిని తలుచుకోవాలి. సిద్ధేంద్రయోగి పేరుతో నిలిచిన భామాకలాపం పొద్దుపోయాక మొదలై తెల్లవారేదాకా నడిచిన ఆట. గుడి ముందు ఆరుబయలు, దివిటీల వెలుతురు, తెర మీదుగా జడ విసిరి సత్యభామ ప్రవేశం, ఆ జడ కోసం రెప్పవేయకుండా చూసే ఊరు. వేదాంతం సత్యనారాయణశర్మ ఆడవేషం కట్టి సత్యభామగా దేశమంతా మెప్పు పొందారంటే, ఆ కళకు పునాది పడింది ఇలాంటి రాత్రుల్లోనే. బందరు హిందూ హైస్కూల్లో పాఠాలు చెప్పిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి, తన జంటకవి దివాకర్ల తిరుపతిశాస్త్రితో కలిసి రాసిన పాండవోద్యోగ విజయాల పద్యాలను కృష్ణా తీరమంతా తెల్లవార్లూ వన్స్‌మోర్‌లు కొట్టి మరీ పాడించుకుంది. తోలుబొమ్మలాట, హరికథ, భజన, అన్నీ రాత్రివే. పగలు పొలంలో పని, రాత్రి ఊరందరికీ ఆట. ఈ పద్ధతి చెదిరిపోయి అక్కడక్కడా రికార్డింగ్ డాన్సులు మిగిలాక, రాత్రి పూర్తిగా వైన్‌షాపు చేతికి పోయింది. బెర్లిన్ నగరపు టెక్నో సంగీతాన్ని, దాన్ని పెంచిన నైట్‌క్లబ్బుల సంస్కృతిని 2024 మార్చిలో జర్మనీ తన జాతీయ సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకుంది. రాత్రి ఆటను వారసత్వంగా చూడటం వాళ్ళు మనకు కొత్తగా నేర్పాల్సింది కాదు.

ఇక అసలైన అభ్యంతరం ఆడవాళ్ళది. దాన్ని తేలిగ్గా తీసుకునే హక్కు ఎవరికీ లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రాన్ని కుదిపింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. నిమ్మకూరులో పుట్టిన ఎన్టీఆర్ ఎన్నికల్లో ఇచ్చిన మాట ప్రకారం 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. అది 1997 దాకా నిలిచింది. కూలి డబ్బు సారా దుకాణంలో పోయి, ఇంట్లో పొయ్యి వెలగక, పైగా దెబ్బలు తిన్న ఆడవాళ్ళ కోపం అది. ఆ కోపం నూటికి నూరుపాళ్ళు న్యాయం. వాళ్ళు ఎదిరించింది ఇంటి కూడు లాక్కునే తాగుడును. ఊళ్ళో పాటా, ఆటా, వెలుతురూ ఉండొద్దని వాళ్ళు ఎన్నడూ అనలేదు. మగవాడికి బయట చీకటి గది, ఆడదానికి ఇంట్లో ఎదురుచూపు అన్న పంపకం చెదరాలంటే, భార్య కూడా కూర్చోగలిగే చోటు ఊళ్ళో ఉండాలి. భార్యాబిడ్డలు పక్కనున్న బల్ల మీద కూలి డబ్బంతా తగలేసేవాళ్ళు తక్కువ.

నిషేధం సంగతిలో ఐస్‌లాండ్ మనకంటే చాలా ముందే నడిచి చూసింది. 1908లో జనాభిప్రాయం తీసుకుని 1915 నుంచి మద్యాన్ని నిషేధించారు. తమ వైన్ కొనకపోతే మీ ఉప్పుచేప కొనబోమని స్పెయిన్ పట్టుబట్టడంతో 1922లో వైన్‌కు తలుపు తీశారు. చేపలమ్ముకుని బతికే తీరానికి ఆ ఇరకాటం ఎలాంటిదో గిలకలదిండి వాళ్ళకు వేరే చెప్పాలా? 1935లో స్పిరిట్లకు అనుమతి వచ్చింది. అసలైన బీరు మాత్రం 1989 మార్చి 1 దాకా నిషేధంలోనే ఉంది. ఇవాళ్టికీ అక్కడ సీసాల అమ్మకం చాలావరకు ప్రభుత్వ దుకాణాల్లోనే, పన్నులు భారీ, ఇరవై ఏళ్ళు నిండనిదే అమ్మరు. అంటే రేక్యావిక్ రాత్రి విచ్చలవిడితనం మీద నిలబడలేదు. సీసాను ఖరీదు చేసి, కూర్చునే చోటును విశాలం చేశారు. మనం సరిగ్గా తిరగేసి చేస్తున్నాం.

పిల్లలు చెడిపోతారన్న భయానికీ అక్కడే జవాబుంది. 1998లో ఐస్‌లాండ్‌లో పదిహేను, పదహారేళ్ళ పిల్లల్లో నూటికి 42 మంది గడిచిన నెలలో ఒక్కసారైనా మత్తుగా తాగామని చెప్పారు. 2016 నాటికి ఆ సంఖ్య 5కు పడిపోయింది. ఈ మధ్యకాలమంతా రాజధాని బార్లు తెరిచే ఉన్నాయి. మరేం చేశారు? పదమూడు నుంచి పదహారేళ్ళ పిల్లలు చలికాలంలో రాత్రి పది దాటాక, వేసవిలో పన్నెండు దాటాక పెద్దల తోడు లేకుండా వీధిలో ఉండకూడదని చట్టం పెట్టారు. తల్లిదండ్రులను స్కూళ్ళ వారీగా కూడగట్టారు. ఆటలకూ, సంగీతానికీ, డాన్సుకూ నగరపాలక సంస్థ పిల్లల పేరిట డబ్బు కట్టింది. పెద్దల రాత్రి పెద్దలకుంది, పిల్లల సాయంత్రం పిల్లలకుంది. బందరు పిల్లవాడికి ట్యూషన్ అయ్యాక చేతిలో ఫోన్ తప్ప ఇంకేముందో చెప్పండి.

చీకటి పడితే ఆడవాళ్ళకు క్షేమం కాదనే మాట కూడా తరచూ వింటాం. కార్తీక పౌర్ణమికి మంగినపూడి తీరానికి లక్షల మంది వస్తారు. చిలకలపూడి పాండురంగడి ఉత్సవాలకూ, మాఘ పౌర్ణమికి కృష్ణమ్మ సముద్రంలో కలిసే హంసలదీవికీ ఆడవాళ్ళు పిల్లలను చంకనేసుకుని రాత్రివేళే తరలివెళ్తారు, తెల్లవారుజామున స్నానాలు చేస్తారు. ఆ రాత్రుల్లో ఎవరూ వాళ్ళను ఇంట్లో ఉండమనరు. కారణం దేవుడొక్కడే కాదు. దీపాలుంటాయి, ప్రత్యేక బస్సులుంటాయి, తాత్కాలిక మరుగుదొడ్లుంటాయి, పోలీసులుంటారు, అన్నిటికీ మించి జనం ఉంటారు. ఖాళీ వీధి భయం, నిండు వీధి ధైర్యం. ఆమ్‌స్టర్‌డామ్‌లో రాత్రి జీవితం బాగోగులు చూడటానికి ‘రాత్రి మేయర్’ అనే ఏర్పాటే ఉంది. అక్కడ కొన్ని క్లబ్బులకు ఇరవైనాలుగు గంటల లైసెన్సు ఇచ్చినప్పుడు, అవి నగరం నడిబొడ్డుకు దూరంగా ఉండేలా చూశారు. అందరూ ఒకే నిమిషంలో వీధిలో పడి గొడవకు దిగకుండా, ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు వెళ్ళిపోయేలా చేశారు. రాత్రి పది కొట్టేముందు మన వైన్‌షాపుల దగ్గర తోపులాట చూసినవాళ్ళకు ఇందులో కిటుకు వెంటనే అర్థమవుతుంది.

గుడివాడ మాట ఎత్తకుండా ఈ చర్చ ముగియదు. 2022 సంక్రాంతికి అక్కడ గోవా తరహా కేసినో నడిచిందన్న ఆరోపణ రాష్ట్రమంతా దుమారం రేపింది. ఆరోపించినవారు ఆరోపించారు, ఖండించినవారు ఖండించారు. నిజానిజాలు తేల్చడం ఈ వ్యాసం పని కాదు. అయితే అప్పటి నుంచి రాత్రి వినోదం అనగానే ‘ఇంకో కేసినోనా?’ అని అడిగేవాళ్ళు తయారయ్యారు. జూదం తలుపులు మూసుకుని ఆడే ఆట, దానికి గోడలే కావాలి. నేనడిగేది గోడల్లేని చోటు. సంక్రాంతికి కోడిపందేల బరుల చుట్టూ మూడు రోజులు జరిగే తాగుడూ గుండాటలూ ఎవరికీ తెలియనివి కావు. ఏడాదికి మూడు రోజులు కట్టలు తెంచుకునే సరదాకూ, వారం వారం పద్ధతిగా దొరికే సరదాకూ తేడా పెద్దది.

డబ్బు సంగతికొస్తే, మొదలుపెట్టడానికి కావలసింది మరీ ఎక్కువేం కాదు. 2025 జూన్‌లో మంగినపూడిలో మసులా బీచ్ ఫెస్టివల్ జరిగింది. ఏర్పాటు చేయాలే గానీ జనం వస్తారని అది చూపించింది. పండుగ అయిపోగానే తీరం మళ్ళీ చీకటైంది. అంత హంగామా అక్కర్లేదు. వారానికి రెండు రాత్రులు తీరంలో దీపాలు, కూచిపూడి వాళ్ళకూ పద్యనాటక సమాజాలకూ పాటల బృందాలకూ వేదిక, చేపల వేపుడు నుంచి బందరు హల్వా దాకా తిండి బళ్ళు, శుభ్రమైన మరుగుదొడ్లు, మహిళా పోలీసులు. మొదటి ఏడాది మద్యం చుక్క లేకుండానే నడపవచ్చు. ఆ అలవాటు కుదిరాక బార్లకు కొత్త షరతులు పెట్టాలి: బయటికి కనబడే అద్దాలు, తప్పనిసరిగా వేడి భోజనం, క్యాబిన్లు రద్దు, ఆడవాళ్ళకు వేరే మరుగుదొడ్డి, తాగి బండి తీయబోయేవాడి తాళం తీసుకునే బాధ్యత యజమానిది. ఒకపక్క కాలువలున్న మన రోడ్ల మీద ఆ చివరి షరతు ప్రాణాలతో సమానం.

వ్యవధి కూడా ఎక్కువ లేదు. 2023 మేలో పనులు మొదలైన మచిలీపట్నం పోర్టు పూర్తయితే నావికులు, క్రేను పనివాళ్ళు, లారీ డ్రైవర్లు, కస్టమ్స్ ఉద్యోగులు షిఫ్టుల లెక్కన పగలూ రాత్రీ ఊళ్ళో ఉంటారు. బందరుకు ఇది కొత్తేం కాదు. 1611లో ఇంగ్లీషువాళ్ళు ఇక్కడ గిడ్డంగి పెట్టారు, డచ్చివాళ్ళు అంతకు ముందే వచ్చారు. పంచ్ అనే పానీయం గురించి ఇంగ్లీషు రాతల్లో దొరికే తొలి ప్రస్తావనల్లో ఒకటి 1632 నాటి ఉత్తరంలో ఉంది. అది కృష్ణ సముద్రంలో కలిసే చోటికి దగ్గరలోని పెటపోలి వర్తకుడికి రాసినదే. రేవున్న చోటికి రాత్రి ఎలాగూ వస్తుంది. అది నల్లద్దాల వెనక పెరగాలా, దీపాల కింద పెరగాలా అన్నది తేల్చుకోవాల్సింది నగరపాలక సంస్థే. పోర్టు రోడ్ల టెండర్లతో పాటే, శుక్ర, శనివారాల్లో మంగినపూడి నుంచి బందరు మీదుగా గుడివాడకూ, అటు అవనిగడ్డకూ అర్ధరాత్రి దాటాక ఒక్కో బస్సు వేయాలని ఆర్టీసీని అడగడంతో ఆ పని మొదలుపెట్టవచ్చు.