తోరణగల్లు దారి ఎవరిది?

బళ్లారి నుండి హోసపేటకు పోవు జాతీయ రహదారిపై తోరణగల్లు అను ఊరు కలదు. అచ్చటి నుండి నైరృతి దిక్కుగా సండూరునకు పోవు రాష్ట్ర రహదారి ముప్పది కిలోమీటర్లకు మించదు. పటములో అది చిన్న గీత మాత్రమే. కాని దాని ఒక కొసను ఉక్కు కర్మాగారమును, రెండవ కొసను ఇనుప రాతి గనులును ఉన్నవి. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన విజయనగర ఉక్కు పథకము చిరకాలము పునాదిరాయిగానే నిలిచినది. 1994లో ఏర్పడిన ప్రైవేటు సంస్థ ద్వారా కర్మాగారము రూపు దాల్చినది.

పరిశ్రమలు వలదని మేము అనము. గనిపని, లారీపని, కర్మాగారపు పని ఈ సీమలో ఎన్నో యిండ్లకు కూడు పెట్టుచున్నవి. అయినను దారి అందరి సొమ్ముతో వేసినది. బడికి నడచిపోవు పిల్లలకును అందులో పాలు కలదు.

ఇచట ఒక లెక్క గమనింపదగినది. అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున 1958 నుండి 1960 వరకు రహదారులపై గొప్ప పరీక్షలు జరిగినవి. ఇరుసుపై బరువు రెండింతలైనచో రోడ్డునకు కలుగు నష్టము రెండింతలు కాదు, సుమారు పదునారింతలని వానివలన తేలినది. పరిమితి మీరిన లారీ యజమానికి లాభము మిగులును. గుంతలు మాత్రము అందరికి మిగులును. 2011 జూలైలో కర్ణాటక లోకాయుక్త యిచ్చిన నివేదిక గనుల అక్రమములతో బాటు లారీల అధిక భారమును గూడ ఎత్తి చూపినది. ఆ నెలలోనే సుప్రీంకోర్టు బళ్లారి జిల్లాలో త్రవ్వకములను నిలిపివేసి, తరువాత పరిమితులతో అనుమతించినది.

కావున లారీని దారిలో పట్టుకొనుట కంటె గని వాకిటనే తూచి పంపుట మేలు. రైలు మీదను, కప్పిన కన్వేయరు మీదను పోగల రాయిని రోడ్డు మీదకు తేరాదు. ఊళ్ల దగ్గర నడచువారికి, సైకిళ్లకు వేరు బాట వేయవలెను. బడి వేళలలో లారీలను ఆపవలెను. ధనము లేదను మాట చెల్లదు. 2015లో గనుల చట్టమును సవరించి ఏర్పరచిన జిల్లా ఖనిజ నిధి గనులవలన బాధపడు జనుల కొరకే గదా!

తల్లిదండ్రులారా, ఈ కోరికలను గ్రామసభ ముందుంచుడు. అర్జీ కన్నడములో వ్రాయుడు. మన పిల్లలు ఆ భాషయు నేర్చినవారే. పొరుగున నున్న కన్నడ కుటుంబములవారి చేవ్రాళ్లును దానిపై ఉండవలెను. ఎఱ్ఱని దుమ్ము భాష నడిగి మీద పడుట లేదు.